మండువాకి మూత

కథ రాస్తే విమర్శకులు సిద్ధంగా వుంటారు. సినిమా తీస్తే సరేసరి, ఇంటర్వెల్ కాకముందే విమర్శ మొదలవుతుంది. కొత్త కోడలు పెట్టిన పులుసుకి కూడా మన ఇళ్ళల్లో విమర్శకుల కరువు లేదు. కానీ లక్షలకు లక్షలు పోసి, ఏళ్ళ తరబడి అప్పు తీరుస్తూ కట్టుకునే ఇంటి మీద మాత్రం ఎవరూ విమర్శ రాయరు. గృహప్రవేశానికి వెళతాం, "అబ్బ, ఎంత బావుందండీ!" అంటాం, భోంచేసి, పెట్టిన జాకెట్టుముక్క పుచ్చుకుని వచ్చేస్తాం. తిరుగుదారిలో ఆటో ఎక్కాక గానీ అసలు మాట బయటికి రాదు. "ఆ వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోమనిషి బయటికి పోవాల్సిందే, చూశావా?" అని.

ఆటోలో గొంతు తగ్గించి అనుకునే ఆ మాటే ఇవాళ కాస్త గట్టిగా అందామని కూచున్నాను.

కారణం లేకపోలేదు. పోయిన నెల మా అన్నయ్య ఊరినించి ఫోను చేశాడు. "ఇల్లు పెంచుతున్నానే. మండువా మీద శ్లాబు వేయించేస్తే మధ్యన పెద్ద హాలొస్తుంది. దానిమీద రెండు గదులు లేపొచ్చు. నువ్వేం బెంగ పెట్టుకోకు, వీధి తలుపూ స్తంభాలూ ముట్టుకోను. పాత ఇంటి కళ ఎక్కడికీ పోదు," అన్నాడు. నాకు వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. వద్దనడానికి నేనెవర్ని? పండక్కి వచ్చి నాలుగు రోజులుండి పోయే ఆడపడుచుని. వాన కారితే బిందెలు పెట్టేది నేను కాదుగా! "ఈ నెలాఖరుకి వస్తాను, అప్పుడు మాట్లాడుకుందాం," అన్నాను. ఆలోగా చుట్టాల ఇళ్ళు రెండు చూసొచ్చాను. అవేవీ కొత్త ఇళ్ళు కావు. చిన్నప్పటినించీ తిరిగినవే. ఈసారి మాత్రం విమర్శకురాలి కళ్ళజోడు పెట్టుకుని చూశాను.

పట్నంలో పుట్టి పెరిగిన అమ్మాయిలకోసం ముందు ఓ ముక్క చెప్పాలి. మా గోదావరి జిల్లాల్లో మండువా లోగిలంటే నాలుగువేపులా గదులూ, మధ్యన ఆకాశమూను. పెంకుల కప్పు నాలుగువేపులనించీ లోపలికి వాలి వుంటుంది. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ మధ్య వాకిట్లోకి దూకి, తూములోంచి బయటికి పోతాయి. గంగాళాలు పెట్టి ఆ నీళ్ళు పట్టుకునేవారు. వాననీళ్ళల్లో కందిపప్పు ఇట్టే వుడికేది. ఎండాకాలం ఇంట్లో వేడెక్కిన గాలి ఆ ఖాళీలోంచి పైకి పోయేది, వీధి గుమ్మంలోంచీ దొడ్డి గుమ్మంలోంచీ వేరే గాలి లోపలికి వచ్చేది. ఫ్యాన్లు లేని రోజుల్లో ఆ ఇళ్ళల్లో మనుషులు నిద్రపోగలిగారంటే మరి ఊరికే కాదు.

ఇప్పుడు మొదటి ఇల్లు చూడండి. అది మా పిన్నిగారిది. 1996 నవంబరులో వచ్చిన తుపానుకి వాళ్ళ పెంకులు సగం లేచిపోయాయి. అప్పుడు వానకి తడిసిన భయం వాళ్ళకి మళ్ళీ పోలేదు. తరవాత చేతిలో డబ్బు ఆడగానే మండువా మీద శ్లాబు వేయించేశారు. స్తంభాలు వుంచారు. వాటికి నిగనిగలాడే ఎనామెల్ పెయింటు వేయించారు. చెక్కుడు ద్వారబంధం వుంచారు. ఎర్రగచ్చు తీసేసి పాలరాయి పలకలు పరిచారు. మధ్యన గాజు దీపాల గుత్తి ఒకటి వేలాడుతోంది. ఫోటో తీస్తే, ఇంత పాత ఇంటిని ఎంత చక్కగా నిలబెట్టారో అనిపిస్తుంది.

కానీ పగలు పదకొండు గంటలకి ఆ ఇంట్లో లైటు వేస్తేగానీ మనిషికి మనిషి కనబడటం లేదు! ఎందుకు కనబడుతుంది? పాత మండువా ఇంట్లో గదులకి బయటి గోడవేపు కిటికీలు చిన్నవి, ఒక్కోదానికి అసలు వుండవు. ఆ గదులు మొహం లోపలికి తిప్పుకుని కూచుంటాయి. వాటికి వెలుతురూ గాలీ అన్నీ మండువాలోంచే రావాలి. దానికి మూత వేయడంతో ఒక హాలు వచ్చిన మాట నిజమే. దాంతోపాటు నాలుగు గదులు కొట్లయిపోయాయి. ప్రతి గదికీ ఓ ఏసీ మెషిను తగిలించారు. ఆ మెషిన్లు బయటికి వదిలే వేడంతా సందులోకి వచ్చి, పక్కింటివాళ్ళని కూడా ఏసీ కొనుక్కోమంటోంది.

"బియ్యంలో మట్టిబెడ్డ ఏరాలంటే వీధరుగు మీదకి పోవలసి వస్తోందే," అంది పిన్ని. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ మాట మరోలా తగిలింది. మా అమ్మమ్మల కాలంలో వీధరుగు మగవాళ్ళ సొత్తు. ఆడవాళ్ళు ఇంట్లోనే వుండాలి. ఇంట్లోనే వుంటూ ఆకాశం చూడగలిగిన ఒకే ఒక్క చోటు మండువా. అక్కడే ఒడియాలు పెట్టుకున్నారు, అక్కడే తలలు ఆరబెట్టుకున్నారు, అక్కడే వెన్నెట్లో పిల్లలకి అన్నాలు పెట్టారు. ఇవాళ మనం వీధిలోకీ ఆఫీసులోకీ వెళుతున్నాం, సంతోషమే. అయితే మాత్రం ఇంట్లో వున్న ఆ గజం ఆకాశం వదులుకోవాలా?

ఏమాటకామాటే చెప్పుకోవాలి. పిన్నివాళ్ళు మూత వేయడానికి కారణాలు లేకపోలేదు. నాలుగు కప్పులూ కలిసే మూలల్లో రేకు కాలవ వుంటుంది. అందులో ఆకులడ్డుపడినా, రేకు తుప్పు పట్టినా కారడం ఖాయం. పెంకులు సర్దే పనివాళ్ళు ఇదివరకటంత సులువుగా దొరకటం లేదు. పైనించి కోతులు, దొంగలు, దోమలు. ఇవన్నీ నిజమే. వీటికి మందు లేకపోలేదు. ఆ ఖాళీకి ఇనపకమ్మీల జాలీ బిగించవచ్చు. వాన మరీ బాధగా వుంటే, ఖాళీకి రెండు మూడడుగుల ఎత్తున గాజు కప్పు లేపి, దాని నాలుగు పక్కలా గాలి పోయేలా వదిలెయ్యవచ్చు. వెలుతురు వస్తుంది, వేడి పోతుంది, ఇల్లు తడవదు. ముక్కుకి జలుబు చేస్తే మందు వేసుకుంటాంగానీ, ముక్కు మూసి కుట్టేసుకోం కదా!

రెండో ఇల్లు మా దొడ్డమ్మగారిది. ఇది దానికి సరిగ్గా ఎదురు. కొడుకులిద్దరూ విదేశాల్లో వున్నారు. వాళ్ళకి పాత ఇల్లంటే ప్రాణం. "ఒక్క పెంకు కూడా మార్చకూడదు," అని ఆజ్ఞ. డబ్బు పంపుతారు, టేకు దూలాలకి నూనె పట్టిస్తారు, ఇత్తడి బుడిపెలు తోమిస్తారు. మండువా అద్దంలా వుంటుంది. సినిమావాళ్ళు కూడా ఓసారి వచ్చి షూటింగు చేసుకుపోయారు. చూడటానికి రెండు కళ్ళూ చాలవు.

ఆ రెండు కళ్ళతోనూ నేను వంటింట్లోకి వెళ్ళాను. మసిబారిన గోడలు, తలెత్తితే తగిలే అటక, జానెడు గవాక్షం. పొయ్యి పోయి గ్యాసు వచ్చిందన్న మాటేగానీ, చీకటి మాత్రం పాతదే. స్నానాలగది దొడ్లో, నూతికి అవతల. డెబ్భయి తొమ్మిదేళ్ళ దొడ్డమ్మ రాత్రి లేస్తే నాలుగు గడపలు దాటి, మూడు మెట్లు దిగి, నాచు పట్టిన రాళ్ళమీదుగా నడవాలి. పోయిన శ్రావణంలో జారిపడింది. మణికట్టు విరిగింది. కొడుకులు ఫోనులో ఎంతో బాధపడ్డారట. "పడమటింటి పక్కన ఓ స్నానాలగది కట్టించండర్రా," అని ఈవిడ అడిగితే, "ఇంటి స్వరూపం చెడిపోతుందమ్మా," అన్నారట.

ఏ స్వరూపం నాయనా? ఆ ఇంటి స్వరూపంలో ఇంకా చాలా వున్నాయి. నెలకి మూడు రోజులు మేం చాపా చెంబూ పుచ్చుకుని కూచున్న దొడ్డివసారా వుంది. మొగుడు పోయిన పెద్దత్తయ్య నలభై ఏళ్ళు పడుకున్న కొట్టుగది వుంది. మగవాళ్ళ భోజనాలు అయ్యేదాకా ఆడవాళ్ళు కనిపెట్టుకుని కూచునే వంటింటి గడప వుంది. వీటన్నిటికీ కూడా నూనె పట్టించి నిలబెడదామా? పాత ఇంటి అందాన్ని పొగిడేవాళ్ళల్లో చాలామంది ఆ ఇంటిని అరుగు మీదనించి చూసినవాళ్ళే. పొయ్యి దగ్గరనించి చూసినవాళ్ళు కాస్త ఆలోచించి పొగుడుతారు.

అంచేత నా తగువు ఇద్దరితోనూ వుంది. పిన్నివాళ్ళు ఇంటి మొహం వుంచి, ఊపిరి తీసేశారు. దొడ్డమ్మ కొడుకులు ఇల్లు వుంచి, ఇంట్లో మనిషిని మర్చిపోయారు. మరి పాత ఇంటిని పెంచాలంటే ఏది వుంచాలి, ఏది మార్చాలి?

దీనికి జవాబు నాకు ఒక రాజభవనంలో దొరికింది. కన్యాకుమారి యాత్రకి వెళ్ళినప్పుడు, తక్కలై దగ్గర పద్మనాభపురం కోట చూశాం. 1795 దాకా తిరువాన్కూరు రాజులకి అదే రాజధాని. ఆ భవనాలన్నిటిలోకీ పాతదాన్ని 'తాయ్ కొట్టారం' అంటారు. అంటే తల్లి భవనం. అంత పెద్ద పేరు విని ఏ మేడో అనుకుంటాం. తీరా చూస్తే మధ్యన మండువా, చుట్టూ వసారాలు, పైన పెంకులు. మన లోగిలికి పెద్దక్కలా వుంది. తరవాతి రాజులకి అవసరాలు పెరిగాయి. మంత్రాలోచన సభ కావలసివచ్చింది, పెద్ద భోజనశాల కావలసివచ్చింది, నవరాత్రి మండపం కావలసివచ్చింది, నాలుగంతస్తుల మేడ కావలసివచ్చింది. ఒక్కొక్క కాలంలో ఒక్కొక్కటి పక్కన కట్టుకుంటూ పోయారు. ప్రతిదానికీ దాని కప్పు దానిదే, మధ్యమధ్య వాకిళ్ళు, నడవలు. అంత పెరిగినా తల్లి మండువాకి ఎవరూ మూత వెయ్యలేదు. తల్లి పక్కన కూచున్నారుగానీ తల్లి నెత్తిన ఎక్కి కూచోలేదు.

రాజులకేం, బోలెడంత స్థలమంటారా? సరే, మామూలు మనిషి ఇల్లే చూద్దాం. అమెరికాలో ఫ్రాంక్ గేరీ అని పేరుమోసిన వాస్తుశిల్పి. ఆయనా భార్యా కలిసి సాంటా మోనికాలో ఒక పాతకాలపు బంగళా కొనుక్కున్నారు. 1978లో దాన్ని పెంచారు. పాత ఇంటిని కూలగొట్టలేదు. దాని చుట్టూ శాలువా కప్పినట్టు కొత్త భాగం కట్టారు. కాకపోతే ఆ శాలువా ముడతల రేకుల్తోనూ ప్లైవుడ్డుతోనూ, పైగా కంచెలకి వేసే ఇనపవలతోనూ నేసింది! చుట్టుపక్కలవాళ్ళు ముక్కుమీద వేలేసుకున్నారు. ఫోటోలు చూసి నేనూ వేసుకున్నాను. కానీ రెండు సంగతులు మెచ్చుకోక తప్పదు. పాతది ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో చంటిపిల్ల కూడా చెప్పగలదు. ఇంకోటి, అలా వచ్చిన కొత్త భాగంలోనే వంటిల్లూ భోజనాల చోటూ పెట్టి, పొయ్యి దగ్గరికి పైనించి గాజులోంచి ఎండ దిగేలా చేశారు. అంత వింత మనిషి కూడా పెంచిన చోటుని ముందు వంటింటికే ఇచ్చాడు!

1964లో వెనిస్ నగరంలో పురాతన కట్టడాల నిపుణులు కూడి ఒక ఒడంబడిక రాసుకున్నారు. పాతదానికి చేర్చిన భాగం దాని పొందికని చెడగొట్టకూడదనీ, కొత్తది కొత్తదిగానే కనబడాలనీ దాని సారం. అది గుళ్ళకీ కోటలకీ రాసిందే అయినా మన పెంకుటిళ్ళకి కూడా పనికొస్తుంది. పాతదానిలా నటించే కొత్తదనం నాకెప్పుడూ నచ్చదు. సిమెంటు స్తంభానికి టేకు రంగు వేసి, పువ్వులు అచ్చుపోసి నిలబెడతారే, దాన్ని చూస్తే జుట్టుకి రంగేసుకుని పెళ్ళిచూపులకి వచ్చిన రెండోసంబంధం గుర్తొస్తుంది.

ఇక కాస్త పనికొచ్చే మాటలు. మేస్త్రీ రాకముందే మనకి తెలిసివుంటే మంచిది.

పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నపు గోడలోంచి మెల్లిగా బయటికి ఆరిపోతుంది. దానిమీద గట్టిగా సిమెంటు పూత పూస్తే, ఆ చెమ్మకి దారి మూసుకుపోతుంది. నాలుగేళ్ళు తిరక్కుండా పొంగి పెచ్చులూడుతుంది. అప్పుడు మేస్త్రీ, "గోడ పాతదండీ, అందుకే," అంటాడు. పాపం గోడ! పాత గోడకి సున్నమే పెట్టించండి. సిమెంటు కొత్త భాగంలో వాడుకోండి.

పాత గోడల మీద పై అంతస్తు లేపుదామని ఎవరన్నా అంటే, ముందు పునాది లోతు తవ్వి చూపించమనండి. కట్టడం బలం తెలిసిన ఇంజనీరు చేత లెక్క కట్టించకుండా ఒక్క ఇటిక కూడా ఎక్కించనివ్వకండి. ఆ గోడలు పెంకుల బరువుకి కట్టినవి, శ్లాబు బరువుకి కాదు. కొత్త గదులు వాటి పునాది మీద అవి నిలబడాలి. కొత్త పునాది మొదట కాస్త దిగుతుంది, పాతది ఎప్పుడో దిగి స్థిరపడింది. రెంటినీ ఒకే గోడలా కలిపేస్తే మధ్యన బీట తప్పదు. అంగుళం సందు వదిలి, పైన రేకుపట్టీ వేయించుకోవాలి.

కొత్త గది తెచ్చి పాత గది కిటికీకి ఆనించెయ్యకూడదు. ఒకరికి చోటిస్తూ ఇంకొకరి ఊపిరి తీసినట్టవుతుంది. రెంటికీ మధ్య చిన్న వాకిలి వదిలి, కప్పున్న నడవతో కలుపుకోవాలి. నేల మట్టం ఒకటే వుండేలా చూసుకోవాలి. ఒక్క మెట్టు తేడా మనకి ఇవాళ ఏమీ కాదుగానీ, ఇరవయ్యేళ్ళు పోయాక అదే మెట్టు కొండవుతుంది. కొత్త కప్పు పాత కప్పుకంటే కిందుగా వుంటే, వీధిలోంచి చూసినప్పుడు పాత ఇల్లే పెద్దరికంగా కనబడుతుంది.

అన్నిటికంటే ముందు మాట ఇంకోటి వుంది. అది నాకు మా ఊరు వెళ్ళాక తెలిసింది.

నెలాఖరుకి వెళ్ళాను. అన్నయ్య ప్లాను కాయితం మంచం మీద పరిచాడు. నేను విమర్శకురాలి కళ్ళజోడు సవరించుకుని, పద్మనాభపురం దగ్గర మొదలుపెట్టి సున్నం దాకా అంతా ఏకరువు పెట్టాను. ఓపిగ్గా విన్నాడు. "బానే వుందిగానీ, దొడ్లో కొత్తగా కట్టాలంటే పునాదులూ గోడలూ మళ్ళీ మొదటినించీ కదే? మండువాకయితే నాలుగు గోడలూ వున్నాయి, పైన పోసేస్తే చాలు. ఖర్చెవడిస్తాడు?" అన్నాడు. అదీ నిజమే. దానికి నా దగ్గర పద్మనాభపురం జవాబు లేదు.

వదిన కాఫీ గ్లాసులు తీసుకొచ్చింది. "నీకేం కావాలి వదినా?" అన్నాను.

"ఇప్పటిదాకా నన్నెవరడిగారూ?" అంది. ఆ కాయితం మీద వంటిల్లు పాత చోటే వుంది. అందులో ఆవిడ ముప్ఫయి రెండేళ్ళుగా వండుతోంది. ఇంజనీరు మూడుసార్లు వచ్చాడట, ఒక్కసారీ వంటింటి గుమ్మం దాటలేదట. "హాలు నాకెందుకు? పండక్కి తప్ప నలుగురు కూచోరు. తూర్పువేపు కిటికీ వున్న వంటిల్లు కావాలి. అత్తయ్యగారి గదిలోంచి మెట్టు లేకుండా వెళ్ళే స్నానాలగది కావాలి," అంది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మా అన్నయ్య కూడా వినలేదని వాడి మొహం చూస్తే తెలిసింది.

అమ్మ మండువా పక్కన కుర్చీలో కూచుని వుంది. ఎనభై రెండేళ్ళు. చూపు బాగా మందగించింది. "నువ్వు చెప్పమ్మా. మూత వెయ్యమంటావా వద్దా?" అన్నాడు అన్నయ్య.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "రాత్రిపూట ఆ దొడ్లోకి నేను పోలేను నాన్నా. కోడలు చెప్పినట్టు ఆ గదేదో ముందు కట్టించు. ఇహ దీనికి మూతంటావా, కళ్ళు ఎలాగూ సరిగ్గా కనబడటం లేదు. వానొస్తే చప్పుడన్నా వినపడొద్దూ నాకు?" అంది.

అన్నయ్య కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లెక్కలు మళ్ళీ వేయించి చెప్తానన్నాడు. వారం తిరిగాక వదినే ఫోను చేసింది. హాలూ లేదు, మేడా లేదట. దొడ్డివేపు వంటిల్లూ స్నానాలగదీ ఈ ఏడు, పిల్లల గది డబ్బు చేరాక. మండువాకి జాలీ మాత్రం వేయిస్తారట, కోతులకోసం. సోమవారం మేస్త్రీ వచ్చి ముగ్గుపోసి పునాది గీతలు గీస్తాడట.

"గీసేటప్పుడు నేనక్కడే నిలబడి వుంటాను," అంది వదిన.